నేను దొంగిలించిన పరుగు

ఖతార్‌లో మా ఆఫీసు బేస్‌బాల్ జట్టు కెప్టెన్ అంటే నాకిప్పటికీ పడదు. ఆయనది హైదరాబాదు, ఉద్యోగంలో నాకు రెండు మెట్లు పైన. మా ఆఫీసులోనే ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళ జట్టుతో పోటీ పెట్టి, ప్రతి జట్టులో ఇద్దరు ఆడవాళ్ళుండాలని కంపెనీ షరతు పెట్టింది. అందుకని నన్ను పిలిచాడు. "మీరు ఊకె నిలబడుండ్రి మేడం, మిగతాది మేం చూస్కుంటం" అన్నాడు.

గుంటూరులో అన్నయ్యలతో క్రికెట్ ఆడుతూ పెరిగినదాన్ని. ఊరికే నిలబడడానికి అల్ వక్రా మైదానం దాకా ఎందుకు పోవాలి? ఒళ్ళు మండింది. స్కోరులో నా పరుగు ఒక్కటైనా ఉండాలి, అది ఈ మనిషి కళ్ళముందే రావాలి అనుకున్నాను.

ఆ శుక్రవారం సాయంత్రం గాలికి ఇసుక లేస్తోంది. ఆఖరి వంతు మాది. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, ఇంకో ఇద్దరు ఔటైతే ఆట ముగిసినట్టే. నేను ఎలాగో పరుగు దారిలో మూడో మజిలీ, మూడో బేస్ చేరాను. అక్కణ్ణించి హోమ్ ప్లేట్, అంటే నేలలో పరిచిన తెల్లటి పలక, చేరితే పరుగు. దాని పక్కనే బ్యాటు పట్టుకుని కెప్టెన్ నిలబడ్డాడు. కొట్టి గెలిపించేవాడు తనే కావాలని ఆయన తాపత్రయం.

ఈ ఆటలో బ్యాటు పట్టినవాడు కొట్టేదాకా ఆగక్కర్లేదు. బంతి విసిరేవాడు ఏమరుపాటుగా ఉంటే పరిగెత్తొచ్చు. దాన్ని దొంగతనం అంటారు, తప్పేం కాదు. ఆ విసిరేవాడు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. వాడికీ నేను లెక్కలో లేను. చెయ్యెత్తగానే పరుగు లంకించుకున్నాను.

"ఓ మేడం, ఆగుండ్రి" అని అరుస్తూ కెప్టెన్ పక్కకి గెంతాడు. వెనక కూచున్న క్యాచర్ చేతిలోంచి బంతి జారిపోయింది. నేను దూసుకుపోయి చేతులెత్తాను. గీత దాటితే చాలని ఒంట్లో ఇంకిపోయిన ఆట నాది. ఇక్కడ దాటితే చాలదు, పలకని తొక్కాలి. నా అడుగు దాని మీదుగా వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు తెలియలేదు, బంతి వెతుక్కుంటున్న క్యాచర్‌కీ తెలియలేదు.

తెలిసింది మా కెప్టెన్‌కి. వెనక్కెళ్ళి తొక్కమని నాకో మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. "ఆమె ప్లేట్ తొక్కలేదు, చూడు" అని ఇంగ్లీషులో క్యాచర్‌కి చెప్పాడు. క్యాచర్ తెల్లబోయి ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత వచ్చి బంతిని నా భుజానికి తాకించాడు. ఔటయ్యాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా పరుగును ధర్మం చేశాడు మహానుభావుడు.

"రూల్ రూలే గద మేడం" అన్నాడు. క్రికెట్లో బంతి తన బ్యాటు అంచుకి తగిలి కీపర్ చేతిలో పడ్డా, అంపైర్ వేలెత్తేదాకా ఆకాశంలోకి చూస్తూ నిలబడే రకం ఈయన. అప్పుడు రూలు గుర్తుండదు.

మిగిలిన బంతులు ఒక్కటీ ఆయన బ్యాటుకి తగల్లేదు, ఆయనా ఔటయ్యాడు. ఓడిపోయాం.

అందరం సామాన్లు సర్దుకుంటుంటే నీళ్ళ సీసా నాకివ్వబోతూ దగ్గరికొచ్చాడు. "ఫీల్ గాకుండ్రి మేడం. మీ వల్ల ఓడినమని ఎవ్వరికీ చెప్పను."

"చెప్పండి" అన్నాను. "మనం గెలవడం కన్నా నేను ఔటవడమే మీకు ముఖ్యమైందని కూడా చెప్పండి."

ఆయన నవ్వబోయాడు. మా జట్టులో ఒక్కరూ నవ్వలేదు. ఆ నీళ్ళు ఆయనే తాగాడు.