అత్తమ్మ బాయిలర్, నా పొగగొట్టం

మా ఇంట్లో గీజర్లు బతకవు. మైపాడు సముద్రం దగ్గర, చుట్టూ రొయ్యల గుంటలు. బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు లోపల తెల్లటి ఉప్పు పెంకు కట్టుకుంటుంది. నేను పాపను తీసుకుని పుట్టింటి నుంచి వచ్చిన వారానికే ఉన్న గీజరు అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. ఒకరోజు సరిగ్గా పాప స్నానం వేళకు టప్పుమని శబ్దం చేసి ఊరుకుంది. అందరం ఉలిక్కిపడ్డాం. అత్తమ్మ ఒక్కతే సంతోషించింది.

“నేను చెప్తానే ఉండా. అటక మీద నా బాయిలర్ ఉండాది. దించండి,” అంది.

మా ఆయన అటకెక్కి దాన్ని దించాడు. నడుమెత్తు రాగి బాయిలర్. పచ్చగా చిలుము పట్టి ఉంది. అత్తమ్మ చింతపండు పెట్టి తోమితే లోపలి నుంచి పెళ్ళికూతురులా బయటపడింది. మధ్యలో నిలువు గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. కింద చిన్న తలుపులోంచి కట్టెముక్కలూ బొగ్గులూ వేయాలి. బూడిద ఇంకా కింద ఉన్న పళ్ళెంలోకి రాలుతుంది, పొగ గొట్టం నెత్తిమీద నుంచి పోతుంది. మా వైపు సరుగుడు తోటలకు కొదవ లేదు కాబట్టి కట్టెలకు దిగుల్లేదు. దిగులంతా నాకే.

“యాడ పెడదాం?” అన్నాడు మా ఆయన.

“ఎప్పుడూ ఉండే చోటే. నీళ్ళగది మూల,” అంది అత్తమ్మ.

మా నీళ్ళగదికి ఒక్కటే కిటికీ. అది కూడా పక్కింటివాళ్ళకు కనిపిస్తుందని అట్ట కొట్టేసి ఉంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు పెళ్ళికి ముందు ఉద్యోగానికి పనికిరాలేదు, పెళ్ళయ్యాక నిద్ర పట్టకపోవడానికి మాత్రం బాగా పనికొస్తోంది. మూసిన గదిలో బొగ్గు కాలితే ఏ వాయువు వస్తుందో, అది రక్తంలో ఎవరి చోటు లాక్కుంటుందో నాకు తెలుసు. అదే వాళ్ళకు చెప్పాను. రంగుండదు, వాసనుండదు, దగ్గు కూడా రాదు, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే మగతగా నిద్రలోకి పోతారు అన్నాను.

“మీ మామ బతికినన్నాళ్ళూ అన్నం తిన్నాక అట్నే పోతా ఉండె,” అంది అత్తమ్మ.

“అత్తమ్మా, ఇది నవ్వులాట కాదు. పాపకు అయితే మనకంటే త్వరగా ఎక్కుతుంది.”

“నీ మొగుడికి ఆ గదిలోనే, ఆ బాయిలర్ నీళ్ళే పోసినా. వాడికేమయింది?”

ఇద్దరం ఆయన వంక చూశాం. ఆయన లుంగీ ఎగ్గట్టి బాయిలర్ తలుపులో తలకాయ పెట్టి లోపల ఎవరైనా ఉన్నారా అన్నట్టు చూస్తున్నాడు. 

చివరికి పెరటి వసారాలో పెట్టడానికి ఒప్పందం కుదిరింది. అది రెండు వైపులా తెరిచే ఉంటుంది. గాలికి మంట నిలవదని అత్తమ్మ సణిగింది. నేను ఇటుకలు పరిపించాను, గోడకు జానెడు దూరం జరిపించాను, దగ్గర్లో ఉన్న కొబ్బరి మట్టల మోపును పెరటి ఆ చివరకు మోయించాను. పొగ వసారా రేకుల కింద తిరగకుండా కప్పు దాటి పైకి పోయేలా పొడుగాటి గొట్టం బిగించాలని పట్టుబట్టాను. ఇందుకూరుపేట నుంచి రేకుల పని చేసే భాయ్ వచ్చాడు. ఆయన మాటకారి, ఎవర్నీ నొప్పించడు.

“భాయ్, బాయిలర్‌కి పొగగొట్టం ఎందుకు చెప్పు? ఊళ్ళో ఎవురికన్నా ఉండాదా?” అంది అత్తమ్మ.

“లేదమ్మా, ఎవురికీ లేదు.”

“గొట్టం ఉంటే మంచిదే కదా భాయ్?” అన్నాను నేను.

“శానా మంచిదమ్మా. అందరికీ ఉండాల.”

గొట్టం పైన వంపు ఏ దిక్కుకు తిప్పాలని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సముద్రం వైపు అన్నాను. ఇంటి పొగ ఇంటికి దూరంగా, మనుషులు లేని చోటికి పోవాలి కదా. పొద్దున పూట అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. పొగ బుద్ధిగా తూర్పుకు పోయింది. నేను వీడియో తీసి మా అమ్మకు పంపించాను. సాయంత్రం పాప స్నానానికి మళ్ళీ అంటించాం. ఆ వేళకు సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. తిన్నగా వంపులో దూరి, గొట్టంలోంచి దిగి, బాయిలర్ తలుపులోంచి పొగనంతా వంటింట్లోకి తోసింది. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. మా ఆయన దగ్గుతూనే నవ్వాడు. పాపను మొదటి నుంచీ నేను వీధి అరుగు మీదే పెట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది.

“దిక్కు జూసినావు గానీ గాలి జూళ్ళా,” అంది అత్తమ్మ. తర్వాత వీధిలో కనబడిన వాళ్ళందరికీ మా కోడలు సముద్రానికి పొగ పెట్టబోయిందని చెప్పింది. మర్నాడు భాయ్ వచ్చి వంపు తీసేసి రేకు టోపీ పెట్టాడు. ఏ గాలికైనా సరిపోతుందన్నాడు. మొదటే పెట్టొచ్చు కదా అంటే, “మీరు సముద్రం వైపన్నారు, నేను కాదంటే బాగుంటదా అమ్మా?” అన్నాడు.

ఆ తర్వాత నేను రూల్సు పెట్టాను. ముందు నీళ్ళు, తర్వాతే నిప్పు. కిరసనాయిలు సీసా వసారాలోకి రాకూడదు. నీళ్ళు కాగినాక నా మోచెయ్యి ఒప్పుకుంటేనే పాప మీద పోయాలి. బూడిద చల్లారిందని చేత్తో పట్టి చూసేదాకా కొబ్బరి పీచు కుప్ప మీద పారబోయకూడదు. నేనైతే బూడిదను నీళ్ళతో తడిపి బురద చేసేదాన్ని.

“అంట్లు దేంతో తోమాల, నీ తలకాయతోనా?” అంది అత్తమ్మ.

ఇన్ని రూల్సు పెట్టిన నాకు మంట అంటించడం రాదు. కట్టెలు పేర్చి, పేపరు దూర్చి, అగ్గిపెట్టె సగం ఖాళీ చేసి ఊదుతూ కూర్చునేదాన్ని. అత్తమ్మ పాపను కాళ్ళ మీద వేసుకుని నూనె రుద్దుతూ చూసేది. “మీ అమ్మకు చదువంతా పై మంటకే బంగారూ, కింద మంట తెలీదు,” అని పాపకు చెప్పేది. పాప నవ్వేది. ఇద్దరూ ఒక పార్టీ.

అత్తమ్మకు పొగగొట్టం మీద అసలు కోపం పొగ గురించి కాదని నాకు కొన్నాళ్ళకు తెలిసింది. పాత రోజుల్లో బాయిలర్ నెత్తిమీద మంట నాలుక బయటికొచ్చే చోట ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేదట. పాలగిన్నె, పప్పు చట్టి, అన్నిటికంటే ముఖ్యంగా వంకాయలు. ఊరికే పోయే వేడిని పోనివ్వడం ఆమెకు చేతకాదు. ఇప్పుడు అక్కడ నా గొట్టం నిలబడింది.

ఒకరోజు నేను మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి వసారా నిండా పొగ. నా పొగగొట్టం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. బాయిలర్ నెత్తిన మూడు వంకాయలు. వాటి మీద వేడి బయటికి పోకుండా ఒక ఇనప మూకుడు బోర్లించి ఉంది. పొగకు పోవడానికి సందు లేక కింది తలుపులోంచి వస్తోంది. పాప లోపలి గదిలో ఉయ్యాల్లో ఉంది, ఆ గది తలుపు వసారాలోకే.

నేను ముందు పరుగెత్తి ఆ తలుపు మూశాను. తర్వాత చీపురు కట్టతో మూకుడును తోశాను. అది గంట కొట్టినట్టు మోగుతూ పెరట్లోకి దొర్లింది. వంకాయలు తలో దిక్కుకు పోయాయి.

“నీకు పిచ్చా ఏందే? పచ్చడికి పెట్టినా!”

“పొగ పోయే దారి మూస్తే లోపల ఏం తయారవుతుందో తెలుసా అత్తమ్మా?”

“తెలుసు. వంకాయ పచ్చడి.”

సాయంత్రం రాజీ మా ఆయనే కుదిర్చాడు. వంకాయల్ని కింద బూడిద పళ్ళెంలో, నిప్పుల సెగలో పెట్టమన్నాడు. పెట్టాం. తొక్క చక్కగా ఊడొచ్చింది. పచ్చడి ఇంతకుముందుకంటే బాగా కుదిరిందని ముగ్గురికీ తెలుసు గానీ అత్తమ్మ “పర్వాలా” అంది. గొట్టం మళ్ళీ పైకెక్కింది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నేను చూడని వేళ ఎవరు ఏం మూస్తారో అని. ఫోనులో వెతికి, ఆ వాయువు పోగైతే అరిచే, బ్యాటరీతో నడిచే చిన్న తెల్లపెట్టె ఒకటి తెప్పించి పాప పడుకునే గది గోడకు తగిలించాను. చూపించడానికి బొత్తాం నొక్కితే అది గావుకేక పెట్టింది. పాప లేచి దానికంటే గట్టిగా ఏడ్చింది.

“ఉన్నదాన్ని ఏడవకుండా చూసేదానికే నా వల్ల కాళ్ళా, రెండోదాన్ని తెచ్చినావా?” అంది అత్తమ్మ. ఆనాటి నుంచి ఆ పెట్టె పేరు రెండోది. “రెండోది పాలు తాగిందా?” అని పోతూ వస్తూ నన్ను అడిగేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. వసారా రెండు వైపులా జల్లు. కరెంటు పోయింది. పాపకు జలుబు చేసి ముక్కు బిగిసింది. నీళ్ళు ఎట్లాగో కాచి స్నానం అయిందనిపించాం. తర్వాత సాంబ్రాణి వేసి, పాపను మూసిన గదిలో కుంపటి పక్కన పడుకోబెట్టడం అత్తమ్మ అలవాటు. బాలింతలకూ పసిపిల్లలకూ మా ఇళ్ళలో అందరూ చేసేదే. గాలి తగలకూడదని తలుపు సందుల్లో పాత చీరలు కూడా దూరుస్తారు. కుంపటి గదిలోకి వద్దని నేను మొదటి నుంచీ చెబుతున్నాను. ఆ పూట కూడా చెప్పాను. సరేలే అంది. నేను స్నానానికి వెళ్ళాను.

నెత్తిన నీళ్ళు పోసుకుంటుంటే కేక వినిపించింది. పాపది కాదు, రెండోదానిది.

తడి జుట్టుతో, నైటీ వెనక్కి తొడుక్కుని పరుగెత్తాను. గది దగ్గరికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బాయిలర్‌లోంచి తీసిన నిప్పులతో కుంపటి ఎర్రగా ఉంది. అత్తమ్మ లేదు, పాప లేదు. వీధి అరుగు మీద, సగం వానలో, పాపను కొంగులో చుట్టుకుని అత్తమ్మ నిలబడి ఉంది. పాప మెలకువగానే ఉంది. వాన చినుకులు పట్టుకోవాలని చెయ్యి చాపుతోంది. నేను దాని పెదాలు చూశాను, గోళ్ళు చూశాను, ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాను. 

మా ఆయన చేతికి గోనెపట్టా చుట్టుకుని కుంపటిని వానలో పెట్టి వచ్చాడు. అది బుస్సుమంది. కిటికీలన్నీ తీశాక చాలాసేపటికి పెట్టె నోరు మూసింది.

ఆస్పత్రికి పోదామన్నాను. వానలోనే ఆటోలో పోయాం. డాక్టరమ్మ పాపను చూసి, ఏమీ కాలేదు, వెంటనే బయటికి తెచ్చారు కాబట్టి బతికిపోయారు అంది. తిరుగు ఆటోలో ఇల్లు చేరుతుండగా అత్తమ్మ అంది.

“నాకు తలకాయ దిమ్మగా ఉండాది.”

“ఆ గాలికే అత్తమ్మా. తగ్గిపోతుందిలే.”

“అది గాదు. వీడు పుట్టినప్పుడు, ఆ కుంపటి పెట్టుకున్న నెలంతా నాకు ఇదే నొప్పి. ఇట్నే, కణతల దగ్గర. వీడు పాలు తాగకుండా మగతగా పడుండేవాడు. దిష్టి అనుకుని ఎన్ని మిరపకాయలు దిగదీసినామో.”

మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. “ఆ మగత ఇంకా పోలేదంటుంది ఇది,” అని నన్ను చూపించాడు. అత్తమ్మ నవ్వబోయి నవ్వలేదు. పాప చెవి మీద టోపీ సర్దింది.

ఆ తర్వాత కుంపటి పెరట్లో బంతిమొక్కకు కుండీ అయింది. నా పొగగొట్టం మాత్రం అత్తమ్మ సొంతమైపోయింది. ఎవరైనా అడిగితే “మేం పెట్టించినాం” అంటుంది. పక్కింటి కోడలికి నెలలు నిండితే వెళ్ళి వాళ్ళ నీళ్ళగది కిటికీకి ఉన్న అట్ట స్వయంగా పీకి వచ్చింది. వాళ్ళు చూస్తారని మా కిటికీకి అట్ట కొట్టించిన మనిషే వచ్చి తమ అట్ట పీకేసరికి వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు.

మొన్న మధ్యాహ్నం నేను నెల్లూరు వెళ్ళి పాప మందులు తెచ్చాను. వచ్చేసరికి అత్తమ్మ వీధిలో, ఎదురింటి అరుగు మీద, పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ పూట బాయిలర్ అంటించలేదు, పొయ్యి కూడా ఆర్పే ఉంది.

“ఏమైంది అత్తమ్మా?”

“రెండోది మూలగతా ఉండాది.”

లోపలికి వెళ్ళాను. పెట్టె ఉండి ఉండి కుయ్ కుయ్ మంటోంది. బ్యాటరీ అయిపోవచ్చింది, అంతే. కానీ ఇంట్లో తలుపులు, కిటికీలు అన్నీ తీసి ఉన్నాయి. వెంటిలేటరు రెక్కలు తీసి ఉన్నాయి. గాలి ఆడాలని బీరువా తలుపులు కూడా తీసింది. ఫ్రిజ్ తలుపు కూడా.

బ్యాటరీ మార్చాను. ఫ్రిజ్ తలుపు వేశాను. కిటికీలు వేయలేదు. బయటికొచ్చి ఇక రావచ్చు అంటే అత్తమ్మ లేవలేదు.

“కాసేపు చూద్దాంలే,” అంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.