ఎవరి కొడవలి వారిది

విజయనగరం బంగళాల్లో తోటపని గుత్తకు ఒప్పుకుని కూలీల చేత చేయించే ఎల్లాజీ, గేటుకు వీపు పెట్టి కూర్చోగా ఎవరూ చూడలేదు. చిన్నతనంలో ఒక కామందు ఇంట కంబారిగా, అంటే వెట్టి పాలేరుగా, కట్టుబడి, పారిపోయి వచ్చినవాడు. కామందులు వేసుకునే కిర్రుచెప్పుల చప్పుడు వింటే ఇప్పటికీ కంచె కత్తిరిస్తున్న చెయ్యి ఆగిపోతుంది. సాయంత్రం కూలీల కొడవళ్లు మాత్రం తన దగ్గర ఉంచుకోడు. ఎవరిది వాళ్లకిచ్చి పంపుతాడు. "కొడవలుంటే ఎక్కడికెల్లినా బతుకుతారు" అంటాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో ఎవరో కామందు బక్కచిక్కిన మనిషినొకణ్ణి ఎల్లాజీ దగ్గరికి పనికి తెచ్చాడు. "కూలి నాకియ్యి. ఈడికి గెంజి పోస్తే సాలు." ఎల్లాజీ కొడవలి పిడిని ఆ మనిషి వైపే చాచాడు. "కూలి నీ సేతికే ఇస్తాను. ఉంటావా, ఎల్లిపోతావా? నువ్వే సెప్పు." అతను కామందు చెప్పులవైపే చూస్తున్నాడు. తన చూపూ అక్కడే ఉందని ఎల్లాజీకి అప్పుడు తెలిసింది. అయినా చాచిన చెయ్యి దించలేదు.