బూడిద రాలని పొగ

మొన్న ఉతకడానికి మా అబ్బాయి చొక్కా తీస్తే మామిడిపండు వాసన వేసింది. చెట్లకు ఇంకా పూతే లేదు. జేబులో పెన్నులాంటి గొట్టం కనబడింది, కరెంటు సిగరెట్టట. వాడు ఎచ్చెర్లలో చదువుతున్నాడు. "పొగ కాదమ్మా, ఆవిరి. నిప్పుండదు, బూడిద రాలదు," అన్నాడు. ఆ మాటకి నాకు సూరమ్మత్త గుర్తొచ్చింది.

నేను పొందూరుకి కోడలిగా వచ్చినప్పుడు ఆవిడ మా పక్కింటి మనిషి. ఐదో తరగతితో బడి మానేసిన నన్ను రాట్నం దగ్గర కూర్చోబెట్టుకుంది. చిలపకి, అంటే నూలు కట్టకి, ఇన్ని వరుసలని లెక్క. మధ్యలో లెక్క తప్పితే నేను ఉజ్జాయింపున కలిపేసేదాన్ని. ఆవిడ మొత్తం విప్పించేది. "తెలీకపోతే తెలీదని సెప్పు. గుడ్డిగా ఎయ్యకు," అనేది. ఈరోజు ఊళ్లో పొలం కొలిచినా లెక్కకి నలుగురూ నా దగ్గరికి వస్తున్నారంటే ఆ విప్పుళ్లే కారణం.

వడుకుతున్నంతసేపూ ఆవిడ నోట్లో చుట్ట ఉండేది, నిప్పు కొస లోపలికి. అడ్డపొగ మా వైపు ఆడవాళ్లకి అలవాటే. "పత్తి మీద బూడిద పడదు, సేతులు కాళీ. ఇంతకన్నా సుకమేటున్నాది?" అనేది. పత్తి నిజంగానే తెల్లగా ఉండేది. రోజుకెన్ని అత్తా అని అడిగాను. "పొగకి లెక్కేటే," అని నవ్వింది. వారం రోజులు నేనే గమనించాను. రోజుకి ఏడు. పెద్దావిడకి చెప్పడమేమిటని ఊరుకున్నాను.

కొన్నేళ్లకి కారం మండుతోందని చప్పిడి తినసాగింది. నేను టార్చి వేసి చూస్తే అంగిలి తెల్లగా మందమెక్కి ఉంది, మధ్యలో పుండు. శ్రీకాకుళంలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్. రోజుకెన్ని కాల్చేదని డాక్టరు అడిగితే ఆవిడ తడుముకుంది. ఏడు అన్నాను నేను. అత్త నావైపు తిరిగింది.

"నీకు తెలుసేటే?"

ఆపరేషన్ తర్వాత మాట సరిగా రాలేదు. రెండేళ్లు బతికింది.

అబ్బాయిని తిట్టలేదు. రోజుకి ఎన్నిసార్లు పీలుస్తావన్నాను. "ఎవడు లెక్కెడతాడమ్మా?" అన్నాడు. చుట్టయితే కాలి ఆరిపోతుంది, దీనికి అలా ఆగడం కూడా లేదు. అడగ్గా అడగ్గా నోరు ఎండిపోతోందనీ, పళ్లు తోమితే రక్తం వస్తోందనీ, పీల్చాక గుండె దడదడలాడుతోందనీ ఒప్పుకున్నాడు. సూరమ్మత్త సంగతి చెప్పాను.

"అయితే నాకూ ఆ రోగమే వస్తాదంటావా?"

"తెలీదు. తెలిసినవి మూడు, నువ్వే సెప్పావు. రేపు డాక్టరు దగ్గర కూడా అవే సెప్పు."

టార్చి తెచ్చి నోరు తెరవమన్నాను. నవ్వబోయి, నా మొహం చూసి తెరిచాడు. చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఈసారి ఊరుకోకుండా చూసింది చూసినట్టు పైకి చెప్పాను.