మూడో కాపలాదారు

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరు ఏ విషయం ఎత్తినా రెండు నిమిషాల్లో దాన్ని మగవాడి మూత్రద్వారం దగ్గరికి లాక్కుపోతాడు.

ముప్పయ్యేళ్లు వైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధించాడు. ఆ పుస్తకాల్లో నరాలకు పసుపు రంగు వేస్తారట. రిటైరయ్యాక నల్లబల్ల పోయింది గాని, జేబులో పసుపు పెన్సిలు పోలేదు. అది బయటికొచ్చిందంటే మా ఇంటిల్లిపాదికీ గుండె గుభేల్. నా శుభలేఖ వెనక, కరెంటు బిల్లు మీద, ఒకసారి దంతవైద్యుడి తెల్లకోటు మీద కూడా ఆ నరాలు గీశాడు.

మా ఆవిడ వైపువాళ్లు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు, ఎవరో పాపం "మీ కుళాయి కారుతున్నట్టుందండీ" అన్నారు. అంతే!

"కుళాయికేముందండీ, ఒకటే మర! మగవాడికి ముగ్గురు కాపలాదార్లు!" అంటూ బాబాయి కాగితం రుమాలు లాక్కున్నాడు. "మొదటి నరం నడుము పైనుంచి వస్తుంది. తలుపు మూసుకో, మూత్రం సంచి నిండనీ అంటాడు వాడు. రెండోవాడు వెన్ను అడుగునుంచి వచ్చి, పిండెయ్, పోనీ అంటాడు. వీళ్లిద్దరూ మన మాట వినరు. మూడోవాడున్నాడే, పుడెండల్ నరం, వాడొక్కడే మనం ఆగమంటే ఆగుతాడు. వాడూ వెన్ను అడుగునే పుట్టి, కటిలోంచి బయటికి పోయి, ఎముక ముల్లును చుట్టి, వెనక సందులోంచి మళ్లీ లోపలికొస్తాడు."

"ఎందుకండీ అంత తిరుగుడు?" అన్నాడొక అమాయకుడు.

"కాపలావాడన్నాక ఇల్లు చుట్టి రాడూ? అలాంటివాడికి లాటిన్‌లో 'సిగ్గుపడాల్సినవాడు' అని పేరు పెట్టారండీ! ఏం తప్పు చేశాడని?" బాబాయి బల్ల గుద్దితే గ్లాసులు ఎగిరాయి.

ఆడవాళ్లు వంటింట్లోకి పరుగు. కుర్రకారు పొట్టలు పట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క పెద్దాయన మాత్రం చేతులు కడుక్కుంటానని బాబాయి వెంట వెళ్లి పావుగంట కడుక్కున్నాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు ఇలా వెనకాలే వెళ్లడం చూస్తూనే ఉన్నాను గాని, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

మా మామగారు ఊరి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. అది లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. అలాంటి మనిషి ప్రోస్టేటు ఆపరేషన్ తర్వాత వాద్యాన్ని బీరువా మీద పెట్టేసి, బ్యాండు మానేస్తున్నానన్నారు. నాలుగు నెలల్లో వార్షిక కచేరీ. చివరి పాటలో దీర్ఘమైన స్వరం ఆయనదే.

"పళ్లు కదులుతున్నాయట, ఊదలేరట బాబాయ్" అన్నాను.

"పళ్లా? ఆపరేషనై ఎన్నాళ్లయింది?" అంటూ అప్పటికే చెప్పులేసుకున్నాడు.

"ఆయన్ని తీసుకురావద్దని చెప్పానుగా!" అని గుమ్మంలోనే మా ఆవిడ పళ్లు నూరింది. బాబాయి పట్టించుకోలేదు. మామగారి ఆరోగ్యం ఊసే ఎత్తకుండా, క్లారినెట్ పెట్టె దించి, దాని మూత మీదే పసుపు పెన్సిలుతో మొదలెట్టాడు. మామగారు గోడవైపు చూస్తూ అంతా విన్నారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"బావగారూ, మా బ్యాండులో డ్రమ్ము వాయించేవాడికి... ఇలాంటి ఆపరేషనే అయిందట. గట్టిగా ఊదితే... అదే, వాయిస్తే... తడుస్తోందట."

ఆ డ్రమ్ము వాడికి ఇరవై రెండేళ్లు. నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. బాబాయి మొహంలో మాత్రం చిన్న కదలిక కూడా లేదు.

"అయితే ఆయనకిలా చెప్పండి బావగారూ. ఆపరేషన్‌లో పైనున్న మొదటివాడికి దెబ్బ తగిలింది. కింద మూడోవాడున్నాడు, వాడికి కసరత్తు కావాలి. కిందినుంచి గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించి, అయిదు లెక్కపెట్టి వదలమనండి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. రోజూ మూడుపూటలా పదేసిసార్లు. వాయించేటప్పుడు ముందు వాణ్ణి లేపి, తర్వాత ఊదమనండి." బిగించమన్నప్పుడు పెన్సిలు పైకెత్తి, వదలమన్నప్పుడు దించాడు.

"డ్రమ్ము ఊదరు గదా" అని నా నోట రాబోయింది. మా ఆవిడ గిల్లింది.

నాలుగు నెలలు తిరిగాయి. కచేరీ రోజు హాలు నిండిపోయింది. మామగారు క్లారినెట్ పెదవులకు ఆనించారు గాని, మొహం పాలిపోయింది. చివరి స్వరం రాగానే మొదటి వరసలో బాబాయి పసుపు పెన్సిలు పైకెత్తాడు. మామగారు దాన్ని చూశారు. ఒక్క క్షణం ఆగి, ఊదారు. స్వరం సాగింది, సాగుతూనే ఉంది!

అప్పుడు చూశాను. పెన్సిలు లేవగానే హాల్లో అక్కడక్కడా మగవాళ్లు ఒక్కసారిగా నిటారుగా అయ్యారు. దర్జీ, పోస్టుమాస్టరు, ఆనాడు చేతులు కడుక్కున్న పెద్దాయన, ఆఖరికి మా దంతవైద్యుడు కూడా! పెన్సిలు దిగగానే అందరూ కుర్చీల్లో మెత్తబడ్డారు. మామగారు పొడి ప్యాంటుతో, తడి కళ్లతో వంగి దండం పెట్టారు.

ఇన్నేళ్లూ ఈ మనిషి పక్కన తల దించుకు నిలబడ్డానే అని నామీద నాకే ఒళ్లు మండింది. వాళ్లకు సిగ్గు లేకుండా చెయ్యడానికే ఈయన నలుగురిలో సిగ్గు వదిలేశాడు.

"ఇంతమంది మీ దగ్గరికి వచ్చారా బాబాయ్?"

"ఛ, వీళ్లకేం రోగం? అందరూ స్నేహితుల కోసం అడిగినవాళ్లేరా" అని పెన్సిలు జేబులో పెట్టుకుని, నావైపు ఓరగా చూశాడు. "ఇంతకీ నీకెవరూ స్నేహితులు లేరుగా?"