మిరప కల్లంలో ఆరేసిన పొత్తిగుడ్డలు

తొమ్మిదో నెలలో మనిషిని ఊరికే కూర్చోబెడితే పిచ్చెక్కుతుంది. నాకు ఎక్కింది. రెండో కాన్పుకి నేను పుట్టింటికి వచ్చేసరికి మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఇంట్లో అందరికీ చేతినిండా పని, నాకు తప్ప. మంచం మీంచి వరండాలోకి, వరండాలోంచి దొడ్లోకి, అక్కణ్ణించి మళ్ళీ మంచం మీదికి తిరిగేదాన్ని. దారిలో క్యాలెండర్ దగ్గర ఆగి రోజులు లెక్కపెట్టేదాన్ని. కడుపులో బిడ్డ ఓ గంట కదలకపోతే ఆ పక్కకీ ఈ పక్కకీ ఒత్తిగిలి, చల్లటి నీళ్ళు తాగి, కదిలేదాకా పొట్ట పట్టుకుని కూర్చునేదాన్ని. చీమకుర్తి రాళ్ళ లారీ వెళ్ళినప్పుడల్లా కిటికీ రెక్కలు అదిరేవి. ఆ డ్రైవరు ఎవరో, ఏమో, నా నోట్లో పడి నానా తిట్లూ తిన్నాడు.

మొదటిసారి నేనిలా లేను. ఏడో నెల నిండకముందే ఆరు చొక్కాలు కుట్టాను. ఒంగోలు వెళ్ళి చిన్న దోమతెర, పౌడరు డబ్బా, ఉన్ని టోపీ కొనుక్కొచ్చాను. బాబు పుట్టాడు గానీ ఏడవలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు ఆ చొక్కాలన్నీ మూట కడుతూ, "పుట్టకముందే అన్నీ కొని పెట్టుకుంటివి, దిష్టి తగలదూ?" అంది అమ్మ.

ఒక్కసారే అంది. తర్వాత మర్చిపోయిందేమో కూడా. నేను మర్చిపోలేదు. నా ఆత్రమే నా బిడ్డని తినేసిందని రెండేళ్ళు నమ్మాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఏమని చెప్పను?

అందుకని ఈసారి ఇంట్లో బిడ్డకని ఒక్క గుడ్డ లేదు, ఒక్క గిన్నె లేదు. అమ్మ అసలు బిడ్డ మాటే ఎత్తనిచ్చేది కాదు. నేనేదైనా మొదలుపెడితే "చూద్దాంలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ "చూద్దాంలే" వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. భయం కూడా వేసేది.

ఒకరోజు పొద్దున నాన్న పాత పంచెలు రెండు బీరువా అడుగున కనబడ్డాయి. ఉతికి ఉతికి వెన్నలా అయ్యాయి. నాలో నేనే పెద్ద లాయర్నైపోయి వాదించుకున్నాను. కొంటే తప్పు, కుడితే తప్పు. చింపితే తప్పేముంది? పాత పంచె చింపుకోవడాన్ని ఏ దిష్టీ పట్టించుకోదు. గది తలుపేసుకుని పద్దెనిమిది ముక్కలు చేశాను. అమ్మ చేలో కూలీలకి అన్నం ఇచ్చి రావడానికి వెళ్ళగానే ఉతికేశాను.

ఆరెయ్యడం ఎక్కడ? డాబా మీదైతే కనబడతాయి. దొడ్లో అయితే ఇంకా కనబడతాయి. అమ్మ రాని చోటు ఒకటే ఉంది. దొడ్డి వెనకే మా కల్లం, అందులో కోసిన కాయంతా ఎర్రగా పరిచి ఉంది. అమ్మకి మిరప ఘాటు పడదు, దగ్గు తెర ఎత్తుకుంటుంది. ఆ నెలల్లో అటు తొంగిచూడదు. రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు భోజనాలకి వెళ్ళిన వేళ చూసి, కల్లం కంచె మీద పద్దెనిమిది గుడ్డలూ పరిచి, భద్రంగా వచ్చి పడుకున్నాను.

సీజన్లో మా అమ్మకి తప్ప ఊరివాళ్ళెవరికీ ముక్కులు పనిచెయ్యవు. చుట్టాలు వచ్చి వీధి మొగలోనే తుమ్ముతుంటే నవ్వేవాళ్ళం. మిరప రైతు కూతుర్ని, నాకు ఆ గాలిలో ఏముందో తట్టనే లేదు.

మూడు గంటల వేళ గుడ్డలు తెచ్చుకుని మడతలు పెట్టాను. ఎన్నో నెలల తర్వాత ప్రాణం కుదుటపడింది. మెత్తగా ఉందో లేదో చూద్దామని ఒకటి తీసి ముఖమంతా రుద్దుకున్నాను.

నేను పెట్టిన కేకకి అమ్మ పరుగెత్తుకొచ్చింది. నొప్పులు మొదలయ్యాయనుకుంది పాపం. నా ముఖం చూసింది, మంచం మీది గుడ్డలు చూసింది, ఒకటి తీసి వాసన చూసి దగ్గింది.

"ఏందే ఇది? పసిబిడ్డ గుడ్డలు మిరపకాయల్లో ఆరేస్తారటే ఎవరన్నా?"

ముఖానికి పెరుగు పూసింది. నేను మంటకి ఏడుస్తున్నానో, దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "పుట్టకముందే మళ్ళీ చేశాను. ఈ బిడ్డ కూడా పోతుందా అమ్మా?" అని అడిగేశాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరన్నారే ఆ మాట?"

"నువ్వే."

ఆమె గుడ్డలన్నీ ఒళ్ళో వేసుకుని దొడ్లోకి వెళ్ళింది. పొయ్యి మీద కాగు పెట్టి, కుంకుడు రసం పోసి ఉడకబెట్టింది. ఆవిరికి విడవకుండా దగ్గుతూనే ఉంది. నేను పక్కన కూర్చుంటే పొమ్మనలేదు. నాలుగుసార్లు జాడించి, ఒక్కొక్క గుడ్డనీ కళ్ళకి అద్దుకుని చూసింది. మండినవి మళ్ళీ కాగులో వేసింది.

అప్పుడు నా వైపు చూడకుండా అంది: "నీ తప్పేం లేదే. డాక్టరమ్మ కూడా ఎందుకో తెలీదనే చెప్పింది. నాకు ఎవర్నో ఒకర్ని అనాలనిపించింది. ఎదురుగా నువ్వున్నావు."

ఊరట కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. రెండేళ్ళు నేను మోసింది, ఆమె ఊరికే అనేసిన మాటా! లేచి వెళ్ళిపోదామంటే ఆ పొట్టతో గబుక్కున లేవలేకపోయాను.

అమ్మ బకెట్టు ఎత్తుకుని వీధి వైపు వెళ్ళింది. రోడ్డున పోయే వాళ్ళందరికీ కనబడేటట్టు వరండా తీగె మీద పద్దెనిమిది గుడ్డలూ వరసగా ఆరేసింది. ఎదురింటావిడ చూసి, "ఏంది వదినా, ఇంకా పుట్టకుండానే?" అంది.

"పుడతాదిలే వదినా. ఇరవై రోజుల్లో పుడతాది," అంది అమ్మ, వీధంతా వినబడేట్టు.

పదిహేడు రోజులకే పుట్టింది. ఆడపిల్ల. అవతలి వార్డు వాళ్ళు కూడా లేచి కూర్చునేలా ఏడ్చింది. అమ్మ తెచ్చి నా పక్కన పెడుతుంటే, "నీ మీద కోపం నాకింకా పోలేదు," అన్నాను.

"ఉండనీలే," అంది అమ్మ. "ముందు మెడ కింద చెయ్యి పెట్టు."