మామగారి ముందు వక్కాకు

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో మా మామగారిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పోయి ఏడాదైంది. ఒళ్లో ఉన్నది ఆయన బొమ్మ. మెత్తటి పాస్టెల్ సుద్దలతో నేనే గీశాను. గీసినన్నాళ్లూ నేను తుమ్మితే ఏడు రంగుల పొడి లేచేది, మా తెల్లపిల్లి ఊదారంగుకు తిరిగింది. ఇంతా చేస్తే మా ఆవిడ, "ఈయన మా నాయనా? ఎవురో చీటీలు కట్టించుకునే ఆయప్ప మాదిరి ఉండాడు. మాయమ్మ గుర్తుపడితే సూడు" అనేసింది. ఇప్పుడు ఆ అత్తగారికే ఇవ్వడానికి పోతున్నాను.

ఏది తగిలినా సుద్ద చెదిరిపోతుందని బొమ్మకు ఏమీ కప్పకుండా పట్టుకున్నాను. పుంగనూరులో ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. సంచి విప్పి, ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచి, నోటిదాకా తెచ్చి, బొమ్మను చూసి ఆగిపోయింది.

"ఎవురప్పా ఈ పెద్దాయన?"

"మా మామమ్మా. యాల?"

"ఆయన అట్ల సూస్తాంటే నోట్లో ఏసుకోను కాలేదప్పా. రోంత ఆపక్కకు తిప్పుకో."

ఆమె కాళ్లకు మొక్కుదామనిపించింది. మా మామగారి చూపు పడితే పెళ్లిపందిట్లో మూడొందల నోళ్లు నమలడం ఆపేవి. నా పెళ్లిలో తాంబూలం వక్కను నేను నమలకుండానే మింగాను. అదే చూపు, అనుమానం లేదు.

మూసి ఉన్న కిటికీ వైపు బొమ్మను తిప్పాను.

"నాకూ ఒక ఆకియ్యమ్మా" అన్నాను.

కుప్పం దాకా ఇద్దరం ఆయనకు వినబడకుండా నములుతూ పోయాము.