తుండు కింద బేరం

మా నాయన గుడియాత్తంలో బెల్లం మండీ నడిపేవాడు. ఆ మండీలో ధర ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తుండు కప్పుకుంటే, కింద వేళ్ళు మాట్లాడుకునేవి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు పట్టుకుంటే ఇంకో లెక్క, చెయ్యంతా పట్టి నొక్కితే మరో లెక్క. చుట్టూ ఎంతమంది మూగినా ధర ఆ ఇద్దరికే తెలిసేది. ఒడుగత్తూరు నుంచి బండ్లలో బెల్లం తెచ్చే రైతులు, "ఈయప్ప నోరు కదలదు, వేళ్ళు ఊరుకోవు" అని నవ్వేవాళ్ళు. ఇంట్లో కూడా ఆయన అంతే. అమ్మ పోయిన తర్వాత రోజుకు మాట్లాడే నాలుగు మాటలూ రెండయ్యాయి.

అట్లాంటి మనిషి ఒక ఉదయం మండీ గద్దె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రక్తం కక్కుకున్నాడు. నేనూ చిన్నాయనా టాక్సీ పిలిచి వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. కాలేయం గట్టిపడిపోయిందనీ, దానివల్ల అన్నం దిగే గొట్టంలో నరాలు ఉబ్బి చిట్లాయనీ అక్కడ చెప్పారు. రక్తం ఎక్కించాలన్నారు. రక్తం ఇస్తే ఆయుష్షు తగ్గుతుందని జనం వణికిపోయే రోజులవి. చిన్నాయన కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. ఆ తర్వాత ఆయన ఎంత విసిగించినా ఆ చెయ్యి గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళయింది. ఇక ఏ ఊరు ఏ భాషవాళ్ళదన్న తగువు మొదలైంది. వార్డు వరండాలో రోగుల బంధువులు చిత్తూరు ఎవరికి, మనమెవరికి అని గొంతులు చించుకుంటుంటే, లోపల మా నాయన బతుకుతాడా లేదా అన్నదొక్కటే నా తగువు.

దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఒక తమిళ డాక్టరమ్మ. నలభై దాటిన మనిషి. నూలు చీర, వదులుగా ముడేసిన జుట్టు. రోగి దగ్గరికి వచ్చి వెంటనే నాడి పట్టేది కాదు. మంచం పక్కన నిలబడి కాసేపు ఊరికే చూసేది. తర్వాత కంటి రెప్ప కిందికి లాగి పసుపు ఎంతుందో చూసేది. పొట్ట మీద చెయ్యి ఆనించి, వేళ్ళతో తట్టి, నీరు చేరిందేమో వినేది. అంత శ్రద్ధగా ఒక మనిషిని ఇంకో మనిషి చూడడం అంతకుముందు నేనెరగను. నాకు ఆమె మీద మొదటి రోజే గురి కుదిరింది.

"బతుకుతాడా?" అని అడిగాను. తమిళంలోనే మాట్లాడుకున్నాము.

"రక్తం ఎంత పోయిందన్నది సగం మాటేనమ్మా. పోయాక లివర్లో సత్తువ ఎంత మిగిలిందన్నది మిగతా సగం. కళ్ళలో పసుపు కొంచెమే. పొట్టలో నీరు కొంచెమే. ఇక మనసు తెలివిగా ఉందా, మసకబారిందా అన్నది తెలియాలి. అదే ఈయన తెలియనివ్వడం లేదు."

నిజంగానే తెలియనివ్వలేదు. వచ్చిన రోజు ఒక కుర్ర డాక్టరు తాగుడు అలవాటుందా అని అడిగాడు. తర్వాత ఇంకొకాయన వచ్చి అదే అడిగాడు. మా నాయన కాఫీ కూడా ముట్టని మనిషి. ఆ పైన మీది ఏ ఊరు, ఈ అమ్మాయి ఎవరు అని అడిగేసరికి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. అది రోషమో, మనసు మసకబారడమో డాక్టరమ్మకు తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. వణుకు చూడడానికి చేతులు చాపమంటే చాపడు, పిలిస్తే పలకడు.

మరునాటి ఉదయం చిన్నాయన నన్ను వరండాలోకి లాక్కుపోయాడు. "అన్నకు కాలం దగ్గరికొచ్చేసినాది పాపా. దుప్పటి కింద వేళ్ళు యెట్లా ఆడిస్తా ఉండాడో సూసినావా? పోయేవాళ్ళే అట్లా గుడ్డ పీకేది. ఇంటికి తోడుకొని పోదాం."

నేను చూశాను. వేళ్ళు ఆగకుండా కదులుతున్నాయి. పోయేముందు మనిషి పక్కగుడ్డలు పీకుతాడని మా అవ్వ అనగా నేనూ విన్నాను. మావాళ్ళలో బయట పోయినవాళ్ళ శవాన్ని గడప లోపలికి తేనివ్వరు. వీధిలోనే పెట్టి అటునుంచి అటే తీసుకుపోతారు. నాయన కట్టుకున్న ఇంటి ముందు ఆయన్ను వీధిలో పడుకోబెట్టడమా! చిన్నాయన అప్పటికే టాక్సీ మాట్లాడేశాడు.

డాక్టరమ్మ వచ్చి విన్నది. "కారు కుదుపులకు మళ్ళీ రక్తం వస్తే మధ్యలో కే.వి.కుప్పం కూడా దాటరు" అంది.

"దాటకపోతే పోనీ అమ్మా. ఇంటి దోవలో పోయినట్టన్నా ఉంటాది" అన్నాడు చిన్నాయన. భయమేస్తే ఆయనకు ఇట్లాంటి తెలివే పుట్టుకొస్తుంది.

ఆమె కోప్పడలేదు. మంచం అంచున కూర్చుని, దుప్పటి తియ్యకుండానే కింద చెయ్యి పెట్టింది. వణుకు ఎట్లాంటిదో చూద్దామనుకున్నట్టుంది. పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచి, కనుబొమలు ముడిచింది.

"ఇది గుడ్డ పీకడం కాదే. నా రెండు వేళ్ళు పట్టుకున్నారు. తర్వాత చెయ్యంతా నొక్కారు. ఇప్పుడు ఆగారు. నేనేదో చెప్పాలని కాచుకుని ఉన్నట్టున్నారు. ఏమడుగుతున్నారు ఈయన?"

చిన్నాయనకు అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా మండీలో తనూ పొద్దస్తమానం చేసే పనే. ఆసుపత్రి మంచం మీద చూసేసరికి గుర్తుపట్టలేకపోయాడు.

"బేరమాడతా ఉండాడు తల్లీ! బెల్లం బేరం!" అని భోరుమన్నాడు.

"ఏడుపు తర్వాత. జవాబు ఎట్లా చెప్పాలో చెప్పండి" అంది ఆమె. మండీ వ్యాపారి పరాయివాళ్ళకు చచ్చినా చెప్పని ఆ వేళ్ళ లెక్క చిన్నాయన గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. ఆమె బడిపిల్లలాగా విని, దుప్పటి కింద తన ధర చెప్పింది.

మా నాయన కళ్ళు తెరిచాడు. ఆమె చేతిని పక్కకు నెట్టి, "కట్టుబడి కాదమ్మా, ఆ ధర గిట్టదు" అన్నాడు.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి నేను మంచం కోడు పట్టుకున్నాను. డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. ధర పెంచింది, తగ్గించింది, కావాలని తప్పు లెక్క చెప్పింది. ప్రతి తప్పునూ ఆయన వేళ్ళు దిద్దాయి. చాలాసేపటికి లేచి చిన్నాయనతో అంది: "మనసు మీకంటే నాకంటే తేటగా ఉంది. ఈసారికి బతుకుతారు. ఈసారికి మాత్రమే చెబుతున్నాను. టాక్సీ పంపించేయండి."

ఆమె అన్నట్టే రక్తం నిలిచింది, ఆకలి పుట్టింది. ఇంటికి వచ్చే రోజు మా నాయన భుజం మీది తుండు తీసి చేతి మీద కప్పుకుని ఆమె వైపు చాపాడు. ఆమెకు అర్థమైంది. చెయ్యి లోపల పెట్టింది. చాలాసేపు ఉంచింది. ఒకసారి ఆమె తల దించుకుంది. ఆయన తుండు కింద మళ్ళీ ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చిన్నగా నవ్వి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమడిగినావు నాయనా?" అన్నాను టాక్సీలో.

"బెల్లం ధర" అన్నాడు.

వచ్చిన వారమే నన్ను మండీ గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆడపిల్లకు వేళ్ళ లెక్క నేర్పడమేమిటని బజారంతా గుసగుసలాడింది. ఆయన వినిపించుకోలేదు. రాష్ట్రాలు విడిపోయి చిత్తూరు తెలుగు వైపు, మేము తమిళం వైపు అయిన తర్వాత కూడా ఆయన ఉన్నాడు. చివరికి మళ్ళీ రక్తం వచ్చినప్పుడు కదలనన్నాడు. తన ఇంట్లో, తన మంచం మీద పోయాడు. ఇంతగా అన్నీ సర్దిపెట్టుకుని పోయిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

కర్మలయ్యాక వేలూరు పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె లెక్కేసుకున్నట్టు వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. 

"ఆ రోజు తుండు కింద ఇన్నేళ్ళే అని నేను గట్టిగా చెప్పానమ్మా. ఇంకొక్క ఏడు ఇమ్మని అడిగారు. నా వల్ల కాదన్నాను" అంది. కళ్ళు తుడుచుకుంది. "చూడు, ఆ ఒక్కటీ రాబట్టుకునే పోయారు."